ఆదికి తెచ్చిన పొట్ట

ఆ ఫొటోను ఎలాగైనా కొట్టేయాలని టైలరమ్మ నిశ్చయించుకుంది. నలభై ఎనిమిదేళ్ళ జీవితంలో అంతవరకు ఆమె కాజేసినవి, కుట్టగా మిగిలిన గుడ్డముక్కలు మాత్రమే. దాన్ని దొంగతనమని ఏ టైలరూ ఒప్పుకోరు కనుక, ఆమె లెక్కలో ఇదే మొదటిది.

ఆ ఫొటో ఉన్నది క్లినిక్‌లో, రిసెప్షన్ బల్ల వెనక బోర్డు మీద. పొట్ట తగ్గించుకోవాలని ఏడాది కిందట ఆమె ఆపరేషన్ చేయించుకున్నది కూడా అక్కడే. షాపులోంచి కట్టుబట్టలతో వెళ్ళి చేరింది. నర్సు పొట్టకి ఫొటో తీస్తుంటే ఊపిరి బిగబట్టి నిలబడింది. పెళ్ళి ఫొటోల నాటి అలవాటది. ఆపరేషన్ అయ్యాక మళ్ళీ తీశారు. అప్పుడు బిగబట్టే ఓపిక లేదు.

ఇక ఆ పనితనం గురించి చెప్పుకుంటే నామోషీ. కోత ఒక తుంటి దగ్గర మొదలై రెండో తుంటికి చేరేలోగా వంకర తిరిగింది. రెండు కొసల్లోనూ చర్మం పోగుపడి కుచ్చులు తేలింది. బొడ్డు అంగుళం ఎడమకి జరిగింది, గుండీ ఒకచోట కాజా ఒకచోట కుట్టినట్టు. తన షాపులో ఎవరైనా ఇలా కుడితే ఉతికి ఆరేసేది. తన పొట్ట మీద కుట్టేసరికి డాక్టరుకి దండం పెట్టి వచ్చింది.

ఇప్పుడా డాక్టరు, "ఏం ఫర్వాలేదు, విప్పి మళ్ళీ సరిచేద్దాం, సోమవారం రండి" అంటున్నాడు.

"గుడ్డ పాడుచేసిన టైలరుకే ఎవరైనా మళ్ళీ గుడ్డ ఇస్తారటే?" అన్నాడు భర్త. షాపులో ఇస్త్రీ, గుండీలు ఆయన పని. "నీ మెడలో టేపు చూడు. కొసన బిళ్ళ ఊడిపోతే ఎర్రదారంతో కుట్టుకుని ఐదేళ్ళుగా వాడుతున్నావు. కొత్తది తీసుకోమంటే వినవు. పొట్ట మాత్రం రెండోసారి కొత్తది కావాలా?"

"మీకేం, ఎన్నైనా చెప్తారు. అద్దం ముందు నిలబడేది నేను."

"మొదటి పొట్ట బాగానే ఉండేదని మొత్తుకున్నానా లేదా?"

"ఇస్త్రీ చెయ్యని దుప్పటి కూడా మీకు బాగానే ఉంటుంది."

"సరే, ఒక్క పొట్ట చూపించు. ఆ మహానుభావుడు సరిగ్గా కుట్టింది ఒక్కటంటే ఒక్కటి. సోమవారం నేనే దగ్గరుండి తీసుకెళ్తా. లేదంటే కాళ్ళు పట్టుకున్నా రాను."

ఆ ఒక్కటి బోర్డు మీద ఉంది. 'మొదటి ఆపరేషన్ నచ్చలేదా? సరిచేస్తాం' అన్న అక్షరాల కింద, ఒకే కాగితం మీద రెండు పొట్టలు, ముఖాలు లేకుండా. 'ముందు' అన్నదాంట్లో వంకర కోత, కుచ్చులు. పాపం, ఎవరో తనలాంటి తెలివిగలదే అనుకుంది టైలరమ్మ. 'తర్వాత' అన్నదాన్ని మాత్రం కుర్చీలో కూర్చుని కన్నార్పకుండా చూసేది. మరీ పలక లాగా కాదు, కాస్త గుండ్రంగా, నున్నగా, బొడ్డు నడిమధ్యన. కోత జాడే లేదు! పక్కన ఏదో పసుపుపచ్చ టేపు వేలాడుతోంది. కొలుచుకుని మరీ చేశాడన్నమాట.

షాపుకి ఎవరొచ్చినా ఆమె మొదట అడిగేది ఒకటే, "ఆది తెచ్చారా?" అని. సరిగ్గా సరిపోయిన పాత బట్ట ఒకటి ఎదురుగా ఉంటే కొత్తది కుట్టడం ఎంతసేపు! తన పొట్టకి ఆది ఆ ఫొటో. ఫోన్‌తో తీసుకోబోతే రిసెప్షన్ అమ్మాయి అడ్డొచ్చింది. "వద్దు మేడమ్, పేషెంట్ల పరువు సంగతి."

శుక్రవారం మధ్యాహ్నం టైలరమ్మ వెళ్ళి, దాహంగా ఉందమ్మా అంది. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళగానే బల్ల వెనక్కి దూరింది. చేయి పైకెత్తితే వంకర కోత చురుక్కుమంది. కుట్లు విప్పే కత్తితో నాలుగు పిన్నులూ పీకింది. అడుగుల చప్పుడు వినబడేసరికి ఏం చేయాలో తోచక కాగితాన్ని బట్టల్లోకి దోపుకుంది. పొట్ట మీద పొట్ట పెట్టుకుని, రెండు చేతులతో అదిమిపట్టుకుని, తెచ్చిన నీళ్ళు కూడా తాగకుండా బయటపడింది.

"మేడమ్, నొప్పిగా ఉందా?" అని వెనక నుంచి పాపం ఆ అమ్మాయి అడిగింది.

షాపులోకి వచ్చీ రాగానే కాగితాన్ని ఇస్త్రీ బల్ల మీద పరిచింది.

"చూడండి! ఇంక సోమవారం నోరెత్తకుండా నడవండి."

ఆయన చూశాడు. ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి, స్విచ్ కట్టేసి, మళ్ళీ చూశాడు. ఆమెకి గెలిచినంత సంబరం వేసింది.

"ఏం, మాట పడిపోయిందా? అదీ చెయ్యంటే!"

"కళ్ళజోడు పెట్టుకుని చూశావా?"

"సూదిలో దారం ఎక్కించాలా ఏంటి? పొట్ట చూడ్డానికి కళ్ళజోడెందుకు?"

ఆయన మిషను మీంచి కళ్ళజోడు తీసి తనే ఆమె ముక్కు మీద పెట్టాడు. 'తర్వాత' ఫొటో అంచున వేలాడుతున్న పసుపుపచ్చ టేపు మీద వేలు ఆనించాడు. టేపు కొసన బిళ్ళ లేదు. అడ్డదిడ్డంగా వేసిన ఎర్రదారం కుట్లు ఉన్నాయి.

టైలరమ్మ చెయ్యి తన మెడలోకి వెళ్ళింది. బిగబట్టిన ఊపిరి వదలడం మర్చిపోయింది.

"రెండూ నీ ఫొటోలేనే," అన్నాడాయన మెల్లగా. "'ముందు' అని రాసింది ఇప్పటి పొట్ట, బాగుంది బాగుందని నేను మొత్తుకుంటున్నా వినకుండా నువ్వు కోయించుకున్న పొట్టే ఈ 'తర్వాత'."