పన్నెండు పేజీల ఏడుపు

“తోటంతా నేలరాలింది. రైతు కుప్పకూలాడు. అతని కన్నీరు కాలువ కట్టింది.” వెంకటకృష్ణారావు తను రాసిన కథలో ఏడో పేజీ తిప్పుతూ, వదినగారి కళ్ళు చెమర్చాయేమోనని ఓరగా చూశాడు.

ప్రమీలారాణి చూపు కత్తిపీట దాటి రాలేదు. నిన్నటి గాలివానకి తోటలో రాలిన పచ్చి మామిడికాయలు వసారా నిండా ఉన్నాయి. రాలిన కాయని నూజివీడు షావుకార్లు కన్నెత్తి చూడరు గనక, ఎండబెట్టి ఒరుగులు పెడదామని ముక్కలు కోస్తోంది. అన్నగారు బసవపున్నారావు పొద్దుటినుంచీ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నాడు. కథకి ప్రేరణ ఆయనే.

“ఇంకా ఎన్ని పేజీలు ఏడుస్తాడు?” అంది ఆమె.

“పన్నెండో పేజీ దాకా వదినా. ఆ తర్వాత పట్టుదలగా లేస్తాడు.”

“ఈలోగా కాయలెవరు ఏరారు?”

అతను కాగితాలు వెనక్కి తిప్పి చూశాడు. ఎవరూ ఏరలేదు.

“పెళ్ళాం లేదా అతనికి?”

“ఉంది. పక్కనే కూర్చుని ఏడుస్తోంది.”

“అప్పటికి కాయలన్నీ మురిగిపోతాయి. లేచి ఏం చేస్తాడు, ఈగలు తోలతాడా?”

దిద్దుదామని కలం మూత తీసి, ఆమె చేతులు చూశాడు. మామిడి సొన తగిలి వేళ్ళ సందుల్లో చర్మం పొక్కింది. ఆ చేతులు తన కథలో ఎక్కడా లేవు. కాగితాలు చూరులో దోపి, రెండో కత్తిపీట లాక్కున్నాడు.

మంచం కిర్రుమంది. “ఆపేశావేంట్రా? ఎన్నో పేజీలో ఉన్నాం?”

“లేచే పేజీలోనండీ,” అంది ప్రమీలారాణి. “ఎండ తగ్గకముందే చాపలు పరవండి.”