చెప్పిన రోజున పూసే చెట్లు

కడియం నర్సరీలో ఏ మొక్క ఏ రోజు పూయాలో చెప్పి, పెళ్లి ముహూర్తాలకు మల్లెలు పూయించడం వీరలక్ష్మి పని. తొలిసారి ఒంటరిగా జపాన్ వెళ్లాలని, మొక్కలకు నీళ్లు పెడుతూనే ప్రయాణాలు కుదిర్చే చెవిలోని యంత్రంతో మాట్లాడుతోంది.

“మంగళవారం టోక్యో, గురువారం క్యోటో. రెండుచోట్లా చెర్రీ పూలుంటాయండి.”

“మంగళవారం కొత్త ఊళ్లో అడుగుపెట్టనండి.”

“అయితే బుధవారం పూయమని టోక్యో చెట్లకి చెప్పేశానండి.”

ఆమె నీళ్ల పైపు కింద పెట్టేసింది. “అక్కడా అంతేనా! ఎవరూ చెప్పకుండా పూసే చెట్టు ఒక్కటీ లేదాండీ?”

“ఉత్తరాన ఓ కొండ ఊళ్లో ఒకటుందండి. అదెప్పుడు పూస్తుందో ఎవరూ చెప్పలేరు. మీ సెలవేమో పదిరోజులే.”

వీరలక్ష్మి రేపటి పెళ్లి మొగ్గల వంక చూసింది. అన్నీ ఒకే సైజులో, బుద్ధిగా ఉన్నాయి.

“ఆ ఊరు ఆఖర్న పెట్టండి,” అంది. “తిరుగు టికెట్ మాత్రం తీయకండి.”