బుచ్చన్న చెవుడు

బుచ్చన్నకు ఎండాకాలంలో చెవుడు వచ్చింది. వచ్చిందనడం కంటే తెచ్చుకున్నాడనడం న్యాయం.

గోదావరిఖని బొగ్గుబాయిలో మందు పెట్టి బొగ్గును పేల్చే పని అతనిది. ఒకనాడు పేలుడు కాస్త దగ్గర్లో జరిగింది. తోటివాళ్లు ఒళ్లు దులుపుకుని లేచి పనిలో పడ్డారు. బుచ్చన్న మాత్రం లేచి, "ఏందీ? ఏందీ?" అనడం మొదలుపెట్టాడు. అప్పటి నుంచి ఎవరేం చెప్పినా ఆ మాటే.

దీనంతటికీ కారణం అల్లుడు కొమురెల్లి. మంచిర్యాల స్టేషన్లో మూటలు మోస్తూ బుచ్చన్న బిడ్డను అరకొరగా సాకుతున్నాడు. బుచ్చన్న ఇక పనికిరాడని దవాఖానలో రాసిచ్చారంటే, ఆ ఉద్యోగం అల్లుడికి దక్కుతుంది. బిడ్డ కళ్లముందే ఉంటుంది. దొరికిపోతే మాత్రం అల్లుడి సంగతి దేవుడెరుగు, ఉన్న ఉద్యోగమే ఊడుతుంది.

డాక్టరు చెవుల్లోకి లైటు వేసి చూశాడు, తల గోక్కున్నాడు. పైవాళ్లకు అనుమానం వచ్చింది. హైదరాబాదు నుంచి ఒక డిటెక్టివ్‌ను దింపారన్న కబురు కాలనీ అంతా పాకింది.

"డిటెక్టివంటే పోలీసేనా?" తలుపు గడియ పెట్టి అడిగింది భార్య సమ్మవ్వ.

"కాదే. పోలీసోడైతె టోపీ, లాఠీ ఉంటయి, దూరంకెల్లే తెలుస్తది. వీడు మన లెక్కనే ఉంటడు. చాయ తాగుతడు, ముచ్చట వెడ్తడు, పక్కకే కూసుంటడు. ఏం అడగడు. అన్నీ చూస్తడు," గుసగుసగా చెప్పాడు బుచ్చన్న.

గోడలకు చెవులుంటాయంటారు. ఆ ఇంట్లో గోడలకే ఉన్నాయి, ఇంటాయనకు లేవు.

డిటెక్టివ్‌ను పసిగట్టడం బుచ్చన్నకు కష్టమేమీ కాలేదు. రామగుండంలో ఎరువుల ఫ్యాక్టరీ కట్టుబడికి వచ్చానని చెప్పుకుంటూ, నల్లద్దాల మనిషి ఒకడు ఎదురుగా చాయ హోటల్లో చేరాడు. మబ్బు పట్టినా ఆ అద్దాలు తీయడు. ఒకరోజు బుచ్చన్న వెనకనే ఇత్తడి చెంబు దభీమని పడేశాడు. బుచ్చన్న రెప్పయినా వేయలేదు. ఇంటికొచ్చి భార్య దగ్గర మాత్రం మీసం తిప్పాడు.

అంతలో గాజుల పూలమ్మ ఒక మాట మోసుకొచ్చింది. వానలు మొదలైనప్పటి నుంచి గంప నెత్తిన పెట్టుకుని బంగ్లాలకూ క్వార్టర్లకూ తిరుగుతున్న ఆడమనిషి. సమ్మవ్వ చేతికి గాజులు ఎక్కిస్తూ అంది.

"చిన్నమ్మా, ఎవ్వలకు చెప్పకు. రేపు పొద్దుగాల ఉత్తగనే సైరన్ మోగిస్తరట. ఆఫీసరు బంగ్లల ఇన్న. ప్రమాదం గిట్ల ఏం లేదు, ప్రాక్టీసట. గప్పుడు మన బుచ్చన్న కాక చెవులను గూడ పరీక్ష చేస్తరట. పాపం, కాకకు ఎట్లాగూ ఇనవడది. నువ్వు గాబరా పడ్తవని చెప్తున్న."

ఆ రాత్రి మొగుడూ పెళ్లాం కూర్చుని ఉపాయం అల్లుకున్నారు.

"నేను జరగనే జరగ. నువ్వు మాత్రం ఉరుకాలె. నీకు చెవులున్నయి గద! ఉత్తగ ఉరికితె కాదు, ఏడ్చుకుంట ఉరుకాలె," అన్నాడు బుచ్చన్న.

"గది నాకు చెప్పాల్నా?" అంది సమ్మవ్వ.

తెల్లవారింది. బుచ్చన్న వాకిట్లో మంచానికి నులక అల్లుతున్నాడు. పక్కనే అరుగు మీద పూలమ్మ గంప దించుకుని గాజులు రంగుకు రంగు సర్దుకుంటోంది. హోటల్లో నల్లద్దాల మనిషి చాయ ఊదుకుంటున్నాడు.

సైరన్ మోగింది.

షిఫ్టు వేళకు మోగితే ఎవరూ తలెత్తి చూడరు. వేళ కాని వేళ మోగిందంటే బాయిలో ఎవరికో ఏదో అయిందని లెక్క. పొయ్యి మీది కూర పొయ్యి మీదే, స్నానం చేసేవాళ్ల ఒంటి మీది సబ్బు ఒంటి మీదే, కాలనీకి కాలనీ బాయి దిక్కు పరుగు తీసింది. ఆడవాళ్లు కొంగులు జారుతున్నా చూసుకోలేదు. నల్లద్దాల మనిషి కూడా బెంచీ తన్నుకుని పడి, లేచి పరుగెత్తాడు.

 బుచ్చన్న సొంత తమ్ముడు ఇప్పుడు బాయిలో డ్యూటీలోనే ఉన్నాడు. ప్రాక్టీసు అన్నారు, కానీ ఒకవేళ నిజమే అయితే? కాళ్లు లేవబోయాయి. బిడ్డ ముఖం తలుచుకుని పళ్లు బిగించాడు. తల ఎత్తకుండా నులక లాగి ముడి వేశాడు.

"అయ్యో నా మరిదీ! ఎట్లున్నవురో నా తండ్రీ!" అని గుండెలు బాదుకుంటూ సమ్మవ్వ అతని ముందు నుంచే ఉరికింది. నిజంగా ప్రమాదం జరిగినా అంత బాగా ఏడ్చేది కాదు. బుచ్చన్న చూపు మంచం మీది నుంచి కదల్లేదు.

కాసేపటికి జీపు వచ్చింది. ప్రాక్టీసేననీ, ఎవరూ భయపడొద్దనీ మైకులో చెప్పుకుంటూ పోయింది. బుచ్చన్నకు తమ్ముడి మీది బెంగ తీరింది, లోలోపల నవ్వు పొంగింది. చెవిటివాడి ముందు శంఖం ఊదారు, అల్లుడికి ఉద్యోగం వచ్చినట్టే!

పూలమ్మ నింపాదిగా గంప కట్టుకుని లేచి, అతని ముందుకొచ్చి నిలబడింది.

"కాకా, ఆ నల్లద్దాలాయనకు కండ్లకలక. డిటెక్టివును నేను."

"ఏందీ?" అన్నాడు బుచ్చన్న, అలవాటు కొద్దీ.

"సైరన్ నీకు ఇనవడలే, ఒప్పుకున్న," అంది పూలమ్మ. "మరి సొంత పెండ్లాం గుండెలు బాదుకుంట నీ ముందటికెల్లే ఉరికితె, ఏమైందే అని గూడ అడగకపోతివి... కండ్లు గూడ పోయినయా?"