గేదెను మేపిన కొంగ

చెరువు గట్టున మేసే ఒక గేదె వెనకాలే తెల్లకొంగ ఒకటి తిరుగుతుండేది. గేదె అడుగు వేస్తే గడ్డిలోంచి మిడతలు లేచేవి. వాటిని టక్కున ముక్కున కరుచుకోవడమే కొంగ బతుకుతెరువు. పొట్టకు లోటు లేదు గానీ, ఆ పని నలుగురిలో చెప్పుకోవాలంటే దానికి తల కొట్టేసినట్టుండేది.

ఒకనాడు లకుముకి పిట్ట పలకరించింది. "నేను చేపలు పడతాను. నువ్వేం చేస్తుంటావు వదినా?"

"గేదెను మేపుతుంటాను" అంది కొంగ, మెడ సాగదీసి.

గేదె ఆ మాట విన్నది. మర్నాడు పొద్దున్నే బురదగుంటలో దిగి పడుకుంది, ఇక లేస్తే ఒట్టు. గేదె కదలకపోతే మిడత లేవదు. మధ్యాహ్నానికి కొంగ కడుపు నకనకలాడింది.

"లేవవే తల్లీ, గడ్డికి పోదాం" అని బతిమాలింది.

"మేపేదానివి నువ్వే కదమ్మా! ఇక్కడికే పట్రా" అంది గేదె, కళ్ళు తెరవకుండానే.

ఇంతలో ఒక జోరీగ వచ్చి గేదె మెడ మీద, తోక అందని చోట వాలి కుట్టింది. గేదె తల విదిలించింది, చెవులు ఆడించింది. అది వదల్లేదు.

"ఏమే, చూస్తూ నించున్నావేం? ఎక్కు!" అని అరిచింది గేదె.

కొంగ ఒక్క గెంతులో ఎక్కి జోరీగను పట్టేసింది. గేదె లేచి, కొంగను వీపు మీద పెట్టుకునే గడ్డిలోకి నడిచింది.

సాయంత్రం లకుముకి మళ్ళీ అటుగా వచ్చింది. "మేపుతున్నావా వదినా?"

"మేపడమేమిటి వదినా! ఇద్దరం మేస్తున్నాం" అంది కొంగ, నోట్లో మిడతతోనే.