నిఘంటువుల వెనక

“మీ లైబ్రరీ మూయడం లేదమ్మా!”

పై ఆఫీసు నుంచి ఫోను. లైబ్రేరియన్ తన చెవుల్ని తనే నమ్మలేకపోయింది.

“పుస్తకాలు తీసుకెళ్ళేవాళ్ళు ఈ ఏడాది బాగా పెరిగారు. మీరేం చేశారో గానీ, అదే చేస్తూ ఉండండి.”

ఆమెకి కాళ్ళు నేల మీద ఆనలేదు. ఉద్యోగం నిలిచింది. కొత్త కాపురం పెట్టిన ఇల్లు ఖాళీ చేయక్కర్లేదు.

ముందు భర్తకి ఫోను కలిపింది.

“కిటికీలకి కట్టిన కొత్త పరదాలు విప్పక్కర్లేదు!”

అవతల ఆయన వేసిన కేక స్టూలెక్కి దుమ్ము దులుపుతున్న అటెండరుకి కూడా వినిపించింది.

“అయ్యగారి సంబరం చూస్తే ఉద్యోగం ఆయనదే అనుకుంటారు,” అని నవ్వాడు. “ఇంతకీ మనమేం చేశాం మేడమ్?”

“కొత్త పుస్తకాలకి విడిగా బల్ల వేశాంగా. ర్యాకులకి రంగులు వేయించాంగా.”

అటెండరు నవ్వు ఆపి, మళ్ళీ దుమ్ము దులపడంలో పడ్డాడు.

అప్పుడే డ్యూటీ దిగి నర్సు వచ్చింది. చదివేసిన పుస్తకం కౌంటరు మీద పెట్టి, గుమ్మం పక్కనుండే కుర్చీ కోసం చూసింది. కుర్చీ దూరంగా గోడవారన ఉంది, ఖాళీగా.

“తాతగారు ఇవాళా రాలేదా?”

“ఏ పుస్తకం కావాలో చెప్పండి, నేను తీసిస్తాను.”

“ఏది కావాలో నాకే తెలిస్తే ఇంక ఆయనెందుకండీ?”

కొత్త పుస్తకాల బల్ల చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, ఉత్త చేతులతో వెళ్ళిపోయింది.

ఆ వెనకే బస్సు డ్రైవరు. అతనూ కుర్చీ వైపే చూశాడు.

“ముసలాయన లేడా? ఆయన మాట విని నేను చదవడం మొదలెట్టానండీ. ‘నీ బస్సు ఎక్కడాగితే నాకెందుకు, ఈ పుస్తకంలో నువ్వెక్కడ ఆగిపోయావో చెప్పు’ అనేవాడు. చెప్తే కాసేపు కళ్ళు మూసుకుని, ‘నీకోసం ఒకటి పక్కన పెట్టాను, వెళ్ళి తీసుకో’ అనేవాడు.”

“ఎక్కడ పెట్టేవాడు?”

“అక్కడేనండీ, ఆ లావుపాటి నిఘంటువుల వెనక.”

లైబ్రేరియన్ చేతిలో ముద్ర అలాగే ఆగిపోయింది.

కిందటి నెల ఆమెకి పుస్తకాలు దొరికింది అక్కడే. మంచి పుస్తకం ఇంకెవరికీ దక్కకుండా, తాము మళ్ళీ వచ్చేదాకా వేరే పుస్తకాల చాటున దాచుకునేవాళ్ళు ప్రతి లైబ్రరీలోనూ ఉంటారు. ఆ జబ్బు ఆమెకి కొత్త కాదు. ఆ ర్యాకు దగ్గర తాతగారు తచ్చాడటం చూసి ఉంది కాబట్టి, నేరుగా ఆయన కుర్చీ దగ్గరికి వెళ్ళి, అందరి ముందూ అడిగేసింది.

“ఇవి దాచింది మీరేనా?”

“నేనేనమ్మా. నాకోసం కాదు.”

“దొరికిపోయాక అందరూ చెప్పేది అదేనండీ. మీరింక ఇక్కడ కూర్చోవద్దు.”

ఆయన కుర్చీని గోడవారకి జరిపి, అదే గోడని తడుముకుంటూ మెట్లు దిగిపోయాడు. వయసు మీదపడింది కదా అనుకుంది. దాచిన పుస్తకాలన్నీ ఆ పూటే, తన చేత్తోనే, ఎక్కడివక్కడ సర్దేసింది.

అంతకు ముందెప్పుడో ఆమెనీ పలకరించాడాయన.

“పొద్దస్తమానం పుస్తకాల మధ్యే ఉంటావు. నువ్వేం చదువుతున్నావమ్మా?”

“నాకు చదివే తీరికెక్కడిది తాతగారూ?”

“పాపం,” అన్నాడు. నిజంగా జాలిపడ్డట్టే అన్నాడు.

ఇప్పుడా మాట గుర్తొచ్చి ఆమె లేచి నిలబడింది.

“ఆయనిల్లు మీకు తెలుసా? వెళ్ళి క్షమించమని అడిగి, వెంటబెట్టుకొద్దాం.”

“వీధి తెలుసు మేడమ్. కనుక్కుందాం,” అన్నాడు అటెండరు. ఈ మాట కోసమే కాచుకున్నట్టు స్టూలు దిగిపోయాడు.

వాళ్ళు బయల్దేరేలోపే గుమ్మంలో ఒక పెద్దావిడ ఆగింది. లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు గడప పట్టుకుని నిలబడింది.

“గుమ్మం పక్కన కూర్చునేవారే, ఆయన భార్యనమ్మా. ఆయన పోయారు. మొన్న.”

లైబ్రేరియన్ ఎదురెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకుంది.

“పోయే ముందు నీకో మాట చెప్పమన్నారు. ‘కౌంటరు దగ్గర అమ్మాయికి ఒక పుస్తకం పక్కన పెట్టాను. నిఘంటువుల వెనక, ఆ చివర. చూసుకుందో లేదో, చెప్పిరా’ అన్నారు.”

“నాకా?”

“నీకేనమ్మా.”

“ఏ పుస్తకమండీ? పేరేమైనా చెప్పారా? పోనీ, అట్ట ఏ రంగో…”

పెద్దావిడ వింతగా చూసింది.

“ఆయనకెలా తెలుస్తుందమ్మా? అక్షరం కనబడటం మానేసి ఏళ్ళయిపోలా? మనుషులే మసక మసగ్గా ఆనేవారు. పుస్తకాలు తిరిగి ఇచ్చేవాళ్ళని ఎలా ఉందని అడిగి, వాళ్ళు చెప్పింది విని, ఇది ఫలానా వాళ్ళకి బాగుంటుందని వాళ్ళ చేతిలోంచే అందుకుని పెట్టేవారు. పేర్లు అడిగేవారు కాదు, ఏది ఎవరికో నాకు చెప్పేవారు కాదు; ఇంటికొచ్చి ఆ కథలు మాత్రం అన్నీ చెప్పేవారు. ఈమధ్య ఆయన చదివిన చదువంతా అదేనమ్మా.”

లైబ్రేరియన్ తలెత్తి చూసింది. కొత్త రంగు వేసిన ర్యాకులు, ఒకదాని వెనక ఒకటి. వాటిలో ఎక్కడో ఆ పుస్తకం ఉంది. అక్కడ సర్దింది తనే. అది ఏ పుస్తకమో చెప్పగలిగే మనిషి లేడు.

పెద్దావిడని కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇచ్చింది. ఆవిడ వెళ్ళాక, గోడవార ఉన్న కుర్చీని లాక్కొచ్చి గుమ్మం పక్కన, పాత చోటే వేసింది.

అటెండరు తాళాలు పట్టుకుని నిలబడ్డాడు. “మూసేద్దామా మేడమ్?”

“ఊఁ. రేపు కౌంటరు మీరు చూసుకోండి,” అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ. “నేనిక్కడ కూర్చుంటాను.”