బొగ్గుగాడి గూడు

మబ్బు పడితే అద్దె ఈగలు దారి తప్పడం హైమవతికి కొత్తేమీ కాదు. కడియంలో ప్రతి పెరట్లోనూ పువ్వులకు పుప్పొడి అద్దేది ఈ యంత్రపు తేనెటీగలే. పొద్దుగూకేసరికి అవి అరుగు మీది పెట్టెలోకి చేరి ఛార్జింగు ఎక్కించుకోవాలి. అందుకే కుక్క గూటి కప్పు కింద ఓ గుంపు కనబడగానే చేట తెచ్చి వాటిని పెట్టెలోకి తోలబోయింది. వేలు చురుక్కుమంది.

కుక్క బొగ్గుగాడు అప్పటికే ముక్కు వాచి, గూడు వదిలేసి, చూరు కింద చినుకులకి సగం తడుస్తూ కూర్చున్నాడు.

మర్నాడు కంపెనీ మెకానిక్ సత్యకాంతం గూట్లోకి వంగి చూసి చటుక్కున వెనక్కి జరిగాడు.

"ఇవి మావి కాదండి. మావి కుట్టవు. ఇవి నిజం ఈగలు."

"ఇంకా ఉన్నాయేంటయ్యా?"

"మా తాతగారు చెప్పేవారండి. నేను చూడ్డం ఇదే మొదలు. కుక్కలున్న చోట తేనెపట్టు పెడితే మందు కొట్టెయ్యాలని రూలండి. లేదంటే కుక్కని వేరే చోట ఉంచుకోవాలి."

హైమవతికి సున్నం రాసిన వేలు ఇంకా సలుపుతూనే ఉంది. పాదు మీది గుమ్మడి పువ్వులోంచి ఓ ఈగ ఒళ్ళంతా పసుపు పూసుకుని బయటికొచ్చి, తిన్నగా గూటి వైపు ఎగిరిపోయింది. హైమవతి దాన్నే చూస్తూ నిలబడింది.

సత్యకాంతం మందు డబ్బా మూత మీద చెయ్యి వేశాడు.

"అది సంచిలో పెట్టెయ్యి బాబూ," అంది హైమవతి. "వెళ్తూ వెళ్తూ మీ పెట్టె కూడా పట్టుకుపో. అరుగు మీద కుక్కకి చోటు కావాలి."