సలుపు, పోటు, పీకుడు

“ఈ వ్యాసం మీరు రాసింది కాదు,” అన్నాడు పెద్ద ప్రొఫెసరు.

నర్సింగు చదవడానికి పరాయి దేశం వచ్చిన ఆ అమ్మాయి కుర్చీ అంచుకి జరిగింది. బల్లకి అవతల ముగ్గురు, ఇవతల తనొక్కతే. నిన్నటి నుంచీ కూర్చిపెట్టుకున్న వాక్యం కాస్తా, ఆ దేశపు భాషలో చెప్పబోయేసరికి నాలుక చివర తలకిందులైంది.

“నేనే రాస్తున్నాను... రాశాను. పదకొండుసార్లు రాసి, చించి, రాసి...”

“చూశారా!” పక్కనున్న మేడం పెన్ను కింద పెట్టింది. “మాట్లాడితే ముక్కకో తప్పు. రాస్తే మాత్రం వెతికినా ఒక్కటి దొరకదు. ఎలా కుదురుతుందో నువ్వే చెప్పు.”

ఎలా కుదురుతుందో ఆమెకు తెలుసు. రాసేటప్పుడు నిఘంటువు ఉంటుంది, కొట్టేసి మళ్ళీ రాసుకోవచ్చు, ఎదురుగా గుడ్లురిమి చూసేవాళ్ళు ఉండరు. కానీ ఆ మాట చెప్పడానికైనా నోరు తిరగాలి కదా!

ఇంకొకరు రాసిపెట్టారని తేలితే సాయంత్రానికల్లా పేరు కొట్టేస్తారు. సీటూ పోతుంది, వీసా కూడా.

గుమాస్తా తలుపు తీసి, “దుబాసీ గారండీ. బయట కూర్చునే ఉన్నారు,” అంటూ ఒక పెద్దాయన్ని లోపలికి పంపాడు. నెరిసిన మీసం, నలిగిన కోటు, చంకలో ఫైలు.

ఆయన్ని చూడగానే ఆ అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. అదే చామనఛాయ, అచ్చం తన మేనమామ పోలిక. ఆర్నెల్లుగా తన భాష మాట్లాడే మనిషి ఒక్కరు ఎదురుపడలేదు. వారానికోసారి ఫోన్లో అమ్మతో అనే ‘బాగానే ఉన్నా’ తప్ప ఆ భాషకి వేరే పని లేకుండా పోయింది.

“మేం చెప్పేది ఆమెకి అర్థమవుతుంది. ఆమె చెప్పేది మాకు చెబితే చాలు,” అన్నాడు ప్రొఫెసరు. ఆమె వైపు తిరిగి, “కాగితం చూడకుండా, ఏం రాశారో పేరా వారీగా మీ భాషలో చెప్పండి,” అన్నాడు.

పెద్దాయన పక్కన కూర్చుని, ఫైలు ఒళ్ళో పెట్టుకుని, కానివ్వమన్నట్టు తలూపాడు.

అంతే, గట్టు తెగింది.

“రోగి నొప్పి అంటే, నర్సు కూడా నొప్పి అని రాసుకుని వెళ్ళిపోతుందండీ. నొప్పి ఒకటేనా? గాయం సలుపుతుంది. పన్ను పోటు పెడుతుంది. కాళ్ళు పీకుతాయి. ఊరుకాని ఊరొచ్చినవాడికి ఆ తేడాలన్నీ తెలుసు, అక్కడి పేర్లే తెలీవు. అందుకని అన్నిటికీ నొప్పి అనే ఒక్క ముక్కే అంటాడు. మందు కూడా ఆ ఒక్క ముక్కకే దొరుకుతుంది.”

ఆమె ఆగగానే ఆయన అందుకున్నాడు. తొణక్కుండా బెణక్కుండా, నాడిలా కొట్టుకునే నొప్పి, సూదిలా దిగే నొప్పి, లోపల్నుంచి లాగే నొప్పి అంటూ దేనికది విడదీసి ఆ దేశపు భాషలో అద్దంలో చూపించినట్టు చెప్పాడు. మేడం మళ్ళీ పెన్ను తీసింది.

రెండో పేరా, మూడో పేరా... ఒకరు రోకలి దించితే ఒకరు ఎత్తినట్టు సాగిపోయింది. ఆ ఊపులో ఆమె నోట వ్యాసంలో లేని మాట ఒకటి జారింది.

“వచ్చిన మొదటి నెలలో నాకే కడుపులో మెలిపెట్టిందండీ. ఆస్పత్రిలో రెండు రోజులున్నాను. ఎలా ఉందని అడిగితే, చెప్పడం చేతకాక బాగుందన్నాను. పక్కన ఒక్కరు లేరు. ఇది రాయలేదు. వ్యాసాల్లో ‘నేను’ అనకూడదట.”

కళ్ళు తుడుచుకుని, అదే గుక్కలో ఆఖరి పేరా కూడా చెప్పేసింది. దుబాసీ ఆమె ముఖంలోకి క్షణంసేపు చూశాడు. ఆఖరి పేరా మాత్రం చెప్పి ఊరుకున్నాడు. నా గుట్టు కడుపులో పెట్టుకున్నాడు, ఎంత మంచివాడో అనుకుంది ఆమె.

ముగ్గురూ తలలు దగ్గర పెట్టి గుసగుసలాడుకున్నారు.

“అక్షరం పొల్లుపోలేదు. వ్యాసం మీదే. పొరపాటు మాదే,” అన్నాడు పెద్ద ప్రొఫెసరు. “ఇక వెళ్ళిరండి.”

వరండాలోకి రాగానే ఆమె పెద్దాయన రెండు చేతులూ పట్టుకుంది.

“బాబాయ్! మీరు రాకపోతే నా పని అయిపోయేది. ఇన్నాళ్ళకి నా మాట అర్థమయ్యే మనిషి దొరికారు. మీ ఇల్లెక్కడ? పిన్నిగారూ ఇక్కడేనా? ఆదివారం నేనే వచ్చి వండిపెడతాను. ఊరికే కాసేపు కూర్చుని మాట్లాడుకుందాం, అది చాలు నాకు.”

ఆయన అంతా విన్నాడు. నెమ్మదిగా చేతులు విడిపించుకుని, ఫైల్లోంచి నాలుగు కాగితాలు తీసి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె వ్యాసం! అప్పుడు ఆ దేశపు భాషలోనే అన్నాడు:

“ఏమీ అనుకోకు తల్లీ. ఆఫీసువాళ్ళు పొరపాటున నన్ను పిలిచారు. ఆ మాట బయటపెడితే ఈ పూటే నీ పేరు కొట్టేసేలా ఉన్నారని నోరు మెదపలేదు. నీ భాష నాకు ఒక్క ముక్క రాదు. చూసుకోమని వాళ్ళిచ్చిన ఈ కాగితాల్ని బయట కూర్చున్నంతసేపూ చదివాను. లోపల నేను చెప్పిందంతా నువ్వు రాసిందే.”